గడియారాల బల్ల

జూన్ 3, మంగళవారం

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. పెన్ను మూత తీశాక కూడా అనుకున్నాను. జరిగింది చెబుదామని మా ఆవిడ పక్కన కూర్చుంటే, "ఇది మూడోసారి. నాలుగోసారి చెప్పాలనుంటే కాగితానికి చెప్పుకోండి, దానికి వేరే పనేం లేదు" అంది. మందుల షాపు వాళ్ళు ఊరికే ఇచ్చిన డైరీ జనవరి నించీ బీరువా మీద పడి ఉంది. అప్పుడే సగం ఏడాది ఖాళీగా పోయింది. పోనీలే, సగం సీట్లు ఖాళీగా ఉన్నా వేళయితే బస్సు కదలాల్సిందే. ఉద్యోగమంతా కండక్టరుగా చేసినవాణ్ణి. నా పోలికలన్నీ బస్సులోంచే దిగుతాయి. చదివేవాళ్ళు ఎవరూ లేరు గనక ఇబ్బంది లేదు.

నిన్న పూర్వ విద్యార్థుల సంఘం సమావేశం. మా సెక్రటరీ పళ్ళ డాక్టరు. మంచివాడే. కాకపోతే ఎదుటివాడు మాట్లాడుతుంటే కళ్ళలోకి చూడడు, నోట్లోకి చూస్తాడు. ఆయన ముందు నేను సాధ్యమైనంత తక్కువ నవ్వుతాను.

"వచ్చే పరీక్షల నించి మన యూనివర్సిటీలో అన్నీ కంప్యూటర్ మీదే," అన్నాడు. "టైము తెర మీదే కనిపిస్తుంది. పెన్నులతో పని లేదు. కాబట్టి మన గడియారాల బల్లకి ఇక రిటైర్మెంట్! ఇన్నేళ్ళు దాన్ని నడిపిన కండక్టర్ గారికీ, లైబ్రరీ మేడం గారికీ గట్టిగా చప్పట్లు!"

అందరూ కొట్టారు. నేనూ కొట్టాను. నాకంటే గట్టిగా ఎవరూ కొట్టలేదు.

బల్ల సంగతి నాకు తెలిసిందే అయినా రాస్తాను, రాయడం మొదలుపెట్టాక ఆపడం నాకు చేతకాదు. పరీక్ష హాల్లోకి ఫోన్లు రానివ్వరు. ఈ కాలం పిల్లలకి ఫోన్ లేకపోతే టైమెంతో తెలియదు. హాల్లో గోడ గడియారం ఉంది గానీ ఆ హాలు నిండా స్తంభాలు. సగం మందికి గడియారం బదులు స్తంభం కనిపిస్తుంది. అందుకని పరీక్షల రోజుల్లో పొద్దున్నే హాలు మెట్ల పక్కన మేమిద్దరం ఒక బల్ల వేసేవాళ్ళం. దాని మీద పళ్ళెం. పళ్ళెంలో పాత విద్యార్థులు ఇచ్చిన చేతి గడియారాలు. వచ్చినవాళ్ళు ఒకటి కట్టుకుని లోపలికి పోతారు, బయటికొచ్చాక విప్పి పళ్ళెంలో వేస్తారు. పేర్లు రాసుకోవడం, సంతకాలు తీసుకోవడం ఏమీ లేవు. ఇన్నేళ్ళలో ఒక్కటీ పోలేదు. పైగా ఒకటి ఎక్కువైంది. అది ఎవరిదో ఈనాటికీ తేలలేదు.

పెన్నులు, స్కేళ్ళు, పిన్నీసులు, చెప్పు తెగితే సూదీ దారం కూడా పెట్టేవాళ్ళం. లైబ్రరీ మేడం ఒక నియమం పెట్టింది. "బాగా రాయి" అనకూడదు, అంటే బెదిరిపోతారు. "ఏమైనా తిన్నావా?" అనాలి. నేను ఎప్పుడైనా నోరు జారితే బల్ల కింద నా కాలు తొక్కేది.

సరే. కంప్యూటర్లు రావడం మంచిదే. నాకేం బాధ లేదు.

జూన్ 4, బుధవారం

విశేషాలు లేవు. మొన్నటి సంగతి మర్చిపోయాను.

జూన్ 5, గురువారం

గడియారాలు మా ఇంట్లోనే ఉన్నాయి. కీ ఇచ్చేవాటికి కీ ఇచ్చాను. అన్నిటికీ టైము సరిచేశాను. ఊరికే.  

జూన్ 7, శనివారం

కండక్టరు ఉద్యోగంలో ఒక సుఖం ఉంది. చివరి స్టాపులో బస్సు కాసేపు ఆగుతుంది. డ్రైవరు టీకి పోతాడు. మనకి ఖాళీ బస్సు, కిటికీ పక్క సీటు. ప్రయాణికులు మర్చిపోయిన పేపర్లూ పత్రికలూ అట్ట ఊడిన పుస్తకాలూ చదివీ చదివీ నాకు చదువు రుచి పట్టింది. మొదటి పేజీలు లేని నవలలు ఎన్ని చదివానో! కొన్ని కథలు ఎలా మొదలవుతాయో ఈనాటికీ తెలియదు.

అలా నలభై దాటాక ప్రైవేటుగా బి.ఏ. కట్టాను. యూనివర్సిటీ నించి హాల్ టికెట్టు వచ్చింది. జన్మంతా ఊరందరికీ టికెట్లు కొట్టినవాడికి ఒకరు టికెట్టు ఇవ్వడం అదే మొదలు. ఆ రోజు డిపోలో దాన్ని చూపించని మనిషి లేడు. "ఏ స్టాపుదాకా?" అని డ్రైవరు అడిగితే అందరూ పడీపడీ నవ్వారు. నేనే ఎక్కువ నవ్వాను.

ప్రైవేటుగా చదవడమంటే క్లాసులుండవు. ఏడాదికోసారి పోయి పరీక్ష రాసి రావడమే. మూడేళ్ళు, ఏడాదికి ఓ పది పన్నెండు రోజులు. నాకు తెలిసిన యూనివర్సిటీ అదే: గేటు, హాలు, హాలు పక్కన కుళాయి.

ఆ హాల్లో మేమందరం ఎవరి డ్యూటీ నించి వాళ్ళు వచ్చినవాళ్ళం. నా ముందు బెంచీలో ఒక పోలీసు, యూనిఫాంలోనే రాసేవాడు. ఆయనకి కాపీ కొట్టడం చేతకాక, ఎవరైనా కొడతారేమోనని చుట్టూ చూడటం అలవాటు మానలేక, ఇన్విజిలేటరు చేత రోజూ చీవాట్లు తినేవాడు. కిటికీ దగ్గర ఒక నర్సు. రాత్రి డ్యూటీ చేసి నేరుగా వచ్చేది. ప్రశ్నపత్రం చదివి, తల బల్ల మీద పెట్టుకుని కాసేపు నిద్రపోయి, లేచి, తల ఎత్తకుండా చివరిదాకా రాసేది. ఇంకొకామె పసిబిడ్డని బయట వాళ్ళమ్మకి అప్పగించి వచ్చేది. బిడ్డ ఏడుపు వినిపిస్తే ఆమె పెన్ను ఆగేది. మా అందరి పెన్నులూ ఆగేవి. ఏడుపు ఆగాక అందరం మళ్ళీ రాసేవాళ్ళం.

ఒకరి పేరు ఒకరికి తెలియదు. మరుసటేడు కనిపిస్తే తల ఊపుకునేవాళ్ళం. మూడో ఏడు నర్సు రాలేదు. ఆ పది రోజులూ నేను కిటికీకేసి చూస్తూనే ఉన్నాను.

నా సీటు స్తంభం వెనక. టైమెంతైందని పదేపదే అడుగుతుంటే ఇన్విజిలేటరమ్మకి విసుగొచ్చి, చేతికున్న గడియారం విప్పి నా బెంచీ మీద పెట్టేసింది. "ఇదిగో, ఇక నన్ను అడక్కండి" అంది. చిన్న ఆడవాళ్ళ గడియారం. దాని టిక్కుటిక్కు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

రిటైరయ్యాక సంఘంలో చేరినప్పుడు, మీరేం చేయగలరని వాళ్ళడిగితే, అందుకే ఈ బల్ల సంగతి చెప్పాను.

జూన్ 10, మంగళవారం

సంఘం ఆఫీసులో పనిచేసే అమ్మాయి ఫోన్ చేసింది. తనూ ఇక్కడే చదివి రెండేళ్ళ కిందట బయటికొచ్చింది. హుషారైన పిల్ల. గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంది. నాతో పోటీకి నిలబడగలిగే మనిషి ఇన్నాళ్ళకి దొరికింది.

"తాతగారూ, కొత్త పిల్లలొచ్చే రోజున పాత విద్యార్థులు వాళ్ళని చిన్నచిన్న గుంపులుగా యూనివర్సిటీ అంతా తిప్పి చూపించాలండీ. ఊరికే చూపించడం కాదు, మా రోజుల్లో ఇక్కడ ఇలా ఉండేది, అక్కడ అలా చేశాం అని కథలు చెప్పాలి. ఒక గుంపు మీదే. మీరైతే ఎంతసేపు మాట్లాడినా ఎవరూ కదలరు."

"ఇంకేం పనులున్నాయమ్మా సంఘంలో?" అన్నాను.

"ఉద్యోగాలు చేసేవాళ్ళు వాళ్ళ వాళ్ళ రంగాల్లో పిల్లలకి సలహాలివ్వాలి. విరాళాల కమిటీ ఉంది. ఇదొకటి. అంతేనండి."

కండక్టరు రంగంలో సలహాలు కావాల్సిన పిల్లలు ఆ యూనివర్సిటీలో ఉంటారనుకోను. విరాళాల కమిటీలో నన్ను కూర్చోబెడితే అది విరాళం అడగడానికి కాదు, ఇవ్వడానికనుకుంటారు. కాబట్టి మిగిలింది ఇదొక్కటే. ఇది వదిలితే ఇక ఆ గేటులోంచి లోపలికి పోవడానికి నాకు కారణం లేదు.

ఒప్పుకున్నాను. ఆ అమ్మాయికి నేను ప్రైవేటని తెలియదు. అడగలేదు, చెప్పలేదు.

జూన్ 12, గురువారం

లైబ్రరీ మేడం దగ్గరికి పోయి సంగతి చెప్పాను. ఆవిడ ఇక్కడే చదివి, ఇక్కడే ఉద్యోగం చేసి, ఇక్కడే రిటైరైన మనిషి. విని, చెప్పులేసుకుని, చేతికర్ర తీసుకుంది. "పదండి."

నాలుగడుగులేశాక ఆగింది. "ఇన్నేళ్ళు హాలు మెట్ల దగ్గర బల్ల వేశారు. ఒక్కసారైనా హాలు దాటి లోపలికి పోలేదా మీరు?"

"పని పడలేదు మేడం."

"పని లేకుండా మీరు పోని చోటు లేదు ఈ ఊళ్ళో. ఇక్కడికే పోలేదా?"

ఏం చెప్పను? టికెట్టు ఎక్కడిదాకా కొన్నామో అక్కడ దిగాలి. నా టికెట్టు హాలుదాకానే. ఆవిడతో మాత్రం మోకాళ్ళ నొప్పులన్నాను. మోకాళ్ళ నొప్పి ఆవిడకి, నాకు కాదు. కర్ర ఆవిడ చేతిలోనే ఉంది. అయినా నవ్వలేదు, ఆవిడ మర్యాద అది.

తిరిగాం. చిత్రమేమిటంటే, ఏదీ నేననుకున్నట్టు లేదు. ఇన్నేళ్ళు బల్ల దగ్గర నిలబడి, కబుర్లు చెప్పుకునే పాత విద్యార్థుల నోట విని విని, నా తలలో నేనొక యూనివర్సిటీ కట్టుకున్నాను. అందులో క్యాంటీను హాస్టలు పక్కన ఉంటుంది. ఇక్కడేమో అది ఈ కొస, ఇది ఆ కొస. ఫలితాలు అంటించే మెట్లు పెద్దవని, వాటి మీద వందమంది కూర్చుని ఏడ్చేవారని విన్నాను. మెట్లు చూస్తే నాలుగున్నాయి.

"వందమంది ఎలా పట్టారు మేడం?"

"ఒకళ్ళ తరవాత ఒకళ్ళు ఏడ్చేవాళ్ళం," అంది.

లైబ్రరీలో మూల సీటు చూపించి కాసేపు కూర్చుంది. ఆవిడ మొదటి ఏడాది అక్కడే కూర్చునేదట. ఎండ పొద్దున ఇటు గోడ మీద, సాయంత్రం అటు గోడ మీద పడేదట. "ఇక్కడ కూర్చుని ఒక్క పుస్తకమూ పూర్తిగా చదవలేదు. ఎండ జరగడం చూసేదాన్ని. ఆ ఏడాది తప్పాను కూడా" అంది. అంత ఇష్టంగా తప్పడం గురించి చెప్పినవాళ్ళని నేను చూడలేదు.

నాకు అసూయ కలిగింది. తప్పడానికైనా ఒక సీటుండాలి.

జూన్ 14, శనివారం

ఇంట్లో రిహార్సలు. మా ఆవిడే కొత్త విద్యార్థి. కుర్చీలో కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, లేని అమాయకత్వం మొహానికి తెచ్చుకుంది.

"ఇదీ మా హాస్టలు," అన్నాను వంటగది తలుపు చూపించి. "ఒకరోజు పొద్దున వార్డెన్ గారు లేచి చూస్తే ఆయన సైకిలు లేదు. ఎక్కడుందీ? డాబా మీద! రాత్రికి రాత్రి దుప్పట్లు ముడేసి పైకి లాగేశాం. ఆయనేం చేశారనుకున్నారు? తిట్టలేదు. డాబా ఎక్కి, సైకిలెక్కి, బెల్లు కొట్టుకుంటూ డాబా చుట్టూ తిరిగారు, హాస్టలంతా లేచేదాకా!"

"సార్, మీరు ఏ గదిలో ఉండేవారు?" అంది కొత్త విద్యార్థి.

"...పై గదిలో."

"అది పళ్ళ డాక్టరు గారి కథ. మనింటికి భోజనానికొచ్చినప్పుడు ఆయనే చెప్పారు నాకు. అందులో బెల్లు లేదు."

"బెల్లు లేకపోతే కథేముంది?"

"బెల్లు మీదీ, సైకిలు ఆయనదీ. దుప్పట్లు ఎవరివి?"

కొత్త విద్యార్థితో నాకు మాటలు లేకుండా పోయాయి. టీ కూడా విడివిడిగా తాగాం.

సాయంత్రం ఉతికిన బట్టలు మడతపెడుతూ తనే మొదలుపెట్టింది. "ఆ మూడేళ్ళు చెప్పరాదూ? అవి నాకు తెలుసు. మీరు డ్యూటీ నించి వచ్చి కాళ్ళు కడుక్కునేలోపు నేను పుస్తకం తెరిచి పెట్టేదాన్ని. మీరు కళ్ళు మూసుకుని కూర్చుంటే నేను చదివేదాన్ని. పొయ్యి మీద ఒక కన్ను, పుస్తకం మీద ఒక కన్ను. రాజుల పేర్లు నాకింకా వచ్చు. చెప్పమంటారా?"

చెప్పింది. వరసగా, ఒక్క రాజు తప్పిపోకుండా. వెంట చెప్పబోయి నేను ఇద్దరి దగ్గర ఆగిపోయాను.

"పరీక్ష హాలు గురించి వినడానికి ఎవరొస్తారే?" అన్నాను. "పిల్లలకి హాస్టలు కావాలి, క్యాంటీను కావాలి, అల్లరి కావాలి."

"మీకు కావాలి," అని చొక్కా మడత పెట్టింది.

జూన్ 15, ఆదివారం

వాన. ఆఫీసమ్మాయి ఫోన్ చేసి ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. గొంతు బాగాలేదని చెబుదామనుకున్నాను. బ్రహ్మాండంగా ఉందన్నాను.

జూన్ 19, గురువారం

ఎందుకో హాలు దగ్గరికి పోయాను. బెంచీలు బయటికి మోస్తున్నారు. కంప్యూటర్లు పెట్టడానికి వేరే బల్లలొస్తాయట. ఒక్కో బెంచీ మీద ఎంతమంది రాసిన రాతలు! ఒకదాని మీద ఎవరో పెన్సిలుతో "ఇంకా మూడు ప్రశ్నలు" అని రాసుకున్నారు. ఆ మూడూ రాశారో లేదో. నా బెంచీ ఏదో పోల్చుకోలేకపోయాను. స్తంభాన్ని మాత్రం పోల్చుకున్నాను, అది కదలదు గనక.

సెక్రటరీ అక్కడే ఉన్నాడు.

"రండి రండి. గడియారాలు ఎవరివి వాళ్ళకి ఇచ్చేద్దామా, ఏమంటారు?"

"ఎక్కువైన దాన్ని ఎవరికిద్దాం?" అన్నాను. నవ్వాడు. తరవాత నా నోటికేసి కాకుండా నేలకేసి చూశాడు. అప్పుడే అర్థమైంది, ఏదో ఉంది.

"శనివారం పిల్లల్ని తిప్పేవాళ్ళ జాబితాలో మీ పేరు చూశాను. అమ్మాయికి తెలియక వేసింది. పిల్లలు క్లాసులెలా ఉండేవి, హాస్టలెలా ఉండేది అని అడుగుతారు కదా. మిమ్మల్ని ఇబ్బంది పెట్టడమెందుకు అని నా ఆలోచన. మీరు ముందు వరసలో కూర్చోండి, హాయిగా. మిమ్మల్ని సన్మానిద్దాం."

సన్మానమట. బస్సు నడుస్తుండగా దింపెయ్యాలంటే మెడలో దండేసి దింపుతారన్నమాట.

"ఇబ్బందేముంది డాక్టరు గారూ," అన్నాను. "మీ గుంపు పిల్లలకంటే నా గుంపు పిల్లలే ఎక్కువ నవ్వుతారు, చూడండి."

"సరే, మీ ఇష్టం," అన్నాడు. ఇంటికొచ్చి ఆవిడకి ఏమీ చెప్పలేదు. ఏమన్నాడని ఆవిడే అడిగింది. సెక్రటరీయేనని నా మొహం చూసే పోల్చుకుంది, ఎవరని కూడా అడగలేదు.

జూన్ 21, శనివారం

చెయ్యి నొప్పి పుట్టేదాకా రాస్తాను.

నా గుంపులో ఓ పదిహేనుమంది పిల్లలు. గేటు దగ్గర మొదలుపెట్టాను. కొత్త చెప్పుల వాసన, కొత్త సంచుల వాసన. "ముందుకు జరగండి, ఇంకా చాలా స్టాపులున్నాయి" అన్నాను. నవ్వారు. ఆ మొదటి నవ్వు కోసం నేను పొద్దుటి నించీ నీళ్ళు కూడా తాగలేదు.

మెట్లు చూపించాను. "ఒకళ్ళ తరవాత ఒకళ్ళు ఏడ్చేవాళ్ళం" అన్నాను. నవ్వారు. లైబ్రరీ మూల సీటు చూపించి, అక్కడ ఎండ జరగడం చూస్తూ ఒక ఏడాది తప్పానన్నాను. ఒక పిల్ల పోయి ఆ సీట్లో కూర్చుని చూసింది. క్యాంటీను దగ్గర అప్పుల కథ, ల్యాబు దగ్గర వాసన కథ. అన్నీ పండాయి. "మా" అన్న మాట నోట్లోంచి ఎంత సులువుగా వస్తోందంటే, అది ఎప్పుడో నాదే అయిపోయినట్టుంది. మధ్యలో ఒకసారి నేను నిజంగానే ఆ క్యాంటీను బల్ల మీద దరువేసినట్టు నా చేతికి గుర్తొచ్చింది.

ఆఖర్న హాస్టలు. సైకిలెక్కించాను. వార్డెన్‌ని డాబా ఎక్కించాను. బెల్లు కొట్టించాను. పిల్లలు కడుపు పట్టుకుని నవ్వుతుండగా మలుపు తిరిగి ఇంకో గుంపు వచ్చింది. ముందు సెక్రటరీ. వాళ్ళు ఆగారు. సెక్రటరీ గోడకేసి చెయ్యి చూపించి మొదలుపెట్టాడు. "ఇదిగో, ఈ డాబా మీదికే మా వార్డెన్ గారి సైకిలు..."

నా గుంపులో ఒక కుర్రాడు ఊరుకోలేదు. "సార్, అది వీళ్ళ కథ! వీళ్ళే ఎక్కించారట!"

ఇంకొకడు, "కదా సార్? బెల్లు కూడా!" అన్నాడు.

అందరూ నాకేసి చూశారు. నేను డాబాకేసి చూశాను. అక్కడ ఎవరివో బట్టలు ఆరేసి ఉన్నాయి. ఎన్నో ఏళ్ళు టికెట్టు లేనివాళ్ళని పట్టుకున్నాను. వాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో తెలుసు గానీ, లోపల ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

సెక్రటరీ ఈసారి నా నోటికేసి చూడలేదు. సూటిగా కళ్ళలోకి చూశాడు. తరవాత పిల్లలవైపు తిరిగాడు.

"అవును, ఈయనా ఉన్నారు," అన్నాడు. "ముందు చక్రం నేను, వెనక చక్రం ఈయన. బెల్లు సంగతి నేనే మర్చిపోయాను సుమా! ఉండేది, బెల్లు ఉండేది." అని వేలితో గాలిలో బెల్లు కొట్టి, తన గుంపుని తోలుకుపోయాడు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

వెనక చక్రం బరువు ఎక్కువ. చెయిను ఉండేది, స్టాండు ఉండేది. అరచేతికి గ్రీజు అంటుకుంటుంది.

అక్కడితో నడక అయిపోయింది. గేటుకి తిరిగి వస్తుంటే దారిలో హాలు. తలుపులు తీసే ఉన్నాయి, లోపల ఏమీ లేదు, స్తంభాలు తప్ప. "ఇదేంటండీ?" అంది ఒక అమ్మాయి. నడక పొడుగునా నవ్వని పిల్ల, అడక్కుండా వినే పిల్ల.

"పరీక్ష హాలు," అని దాటిపోబోయాను. నా కాళ్ళు ఆగాయి. ఆ మూడేళ్ళూ ఆగిన చోటే.

లోపలికి తీసుకుపోయాను. నా స్తంభం వెనక నిలబడి, "ఇక్కడ నించి గడియారం కనపడదు, చూడండి" అన్నాను. ఒక్కొక్కళ్ళు వచ్చి నిలబడి చూశారు. నర్సు సంగతి చెప్పాను. పోలీసు సంగతి చెప్పాను. బిడ్డ ఏడిస్తే అందరి పెన్నులూ ఆగడం చెప్పాను. ఇంటిదగ్గర ఆవిడ పొయ్యి మీద ఒక కన్నేసి రాజుల పేర్లు చదవడం చెప్పాను. నవ్వించడానికి ఏమీ కలపలేదు. అసలు ఎక్కడా కలపడానికి చోటు దొరకలేదు. ఆఖర్న ఇన్విజిలేటరమ్మ గడియారం విప్పి నా బెంచీ మీద పెట్టడం చెప్పాను. 

వాళ్ళు నవ్వలేదు గానీ, అప్పటిదాకా ఒక్క ప్రశ్నా వెయ్యని పిల్లలు ఇక్కడ మొదలెట్టారు. నర్సు ఏమైందండీ? తెలియదు. ఆమె పాసైందా? తెలియదు. మీరు పాసయ్యారా? థర్డు క్లాసు.

"మరి హాస్టల్లో సైకిలు ఎప్పుడెక్కించారండీ?" అన్నాడు ఇందాకటి కుర్రాడు.

"అదింకోసారి చెబుతాను," అన్నాను.

ఇప్పుడు నవ్వారు. మెల్లగా, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని. వాళ్ళకి అర్థమైందనే అనుకుంటాను.

జూన్ 22, ఆదివారం

ఆవిడకి మొత్తం చెప్పాను. వెనక చక్రం దగ్గర పడిపడి నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. "కాపాడాడని ఆయన మీద పగ పెట్టుకోకండి," అంది. నాకెందుకు పగ? ఫోన్ చేసి థాంక్స్ చెబుదామనుకున్నాను. నంబరు నొక్కాక, పన్ను నొప్పిగా ఉందని చెప్పాను. మంగళవారం రమ్మన్నాడు. నిజంగానే పోవాలి కాబోలు.

మధ్యాహ్నం ఆ నవ్వని పిల్ల ఫోన్ చేసింది. ఆఫీసమ్మాయి నంబరిచ్చిందట.

"సార్, మా అమ్మ బట్టల షాపులో పనిచేస్తుంది. ఇంటర్ దాకా ప్రైవేటుగానే చదివింది. నిన్న మీరు చెప్పిందంతా ఇంటికెళ్ళి చెప్పాను. రాత్రంతా మళ్ళీ మళ్ళీ అడిగింది. డిగ్రీ కట్టొచ్చా సార్ ఈ వయసులో?"

"ఎన్నేళ్ళు?"

"నలభై మూడు."

"చిన్నపిల్ల," అన్నాను. "బుధవారం పన్లోంచి ఒక పూట సెలవు దొరుకుతుందా?"

ఆవిడ వంటగదిలోంచి, "రాజుల పేర్లు నేను చెబుతానని చెప్పండి!" అని కేకేసింది. చెప్పాను.

జూన్ 25, బుధవారం

పొద్దున యూనివర్సిటీకి పోయాను. బట్టల షాపామె నాకంటే ముందే వచ్చి గేటు బయట నిలబడి ఉంది. లోపలికి పోవచ్చో లేదో తెలియక ఆగిందట. ఇద్దరం లోపలికి పోయాం. "ఏమైనా తిన్నావా అమ్మా?" అన్నాను. తిన్నానంది. తినలేదని మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

అప్లికేషన్లు ఇచ్చే కిటికీ దగ్గర పెద్ద క్యూ. మా వంతు వచ్చేసరికి ఆమె చేతిలో ఇంటర్ సర్టిఫికెట్టు చెమటకి తడిసింది. గుమాస్తా తల ఎత్తకుండా ఆమె కాగితాలు తీసుకున్నాడు. తరవాత నన్ను చూశాడు.

"మీరెవరు ఈవిడకి?"

"నేను ఇక్కడ పాత స్టూడెంటునండి," అన్నాను.

"అయితే పక్కకి నిలబడండి, వెనకవాళ్ళకి అడ్డం," అన్నాడు.

పక్కకి నిలబడ్డాను.